తిట్లు తినే ఉద్యోగం

"డప్పు జర ఎండల పెట్టే," అన్నాడు మా ఆయన.

"నీ డప్పుకు చాకిరి చేస్తనని నిన్ను చేసుకున్ననా? నువ్వే పెట్టుకో," అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. ఆయన చెంబు పట్టుకుని పెరట్లోకి పోయాడు, అక్కడే కూలబడ్డాడు. గద్వాల దవాఖానకు బయలుదేరిన ఆటో మల్దకల్ దాటకముందే అంతా అయిపోయింది. కొందరి పెనిమిట్లు పోయేముందు మంచిమాటలు చెప్పి పోతారట, పిల్లలు జాగ్రత్త అనో, నిన్ను సుఖపెట్టలేకపోయాననో. మా ఆయనకు ఆ పూట కూడా డప్పే గుర్తొచ్చింది. నేనన్న మాట తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు. ఆయన మళ్లీ లేచి వచ్చి అడిగినా అదే అంటాను. కాకపోతే ఆ మర్నాటి నుంచి డప్పును రోజూ ఎండలో పెడుతున్నాను. అది వేరే సంగతి.

నేను చెబుతుంటే రాస్తున్నది మా ఆడబిడ్డ, ఆయన చెల్లెలు. వనపర్తిలో అంగన్‌వాడీ టీచరు. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతే. నా మాటలను పుస్తకాల భాషలోకి మార్చి రాస్తానంది, సరేనన్నాను. ఊళ్లోవాళ్ల మాటలు మాత్రం వాళ్ల నోట్లో ఉన్నట్టే ఉంచమన్నాను. వాళ్ల అన్న మాట వచ్చిందో లేదో కలం ఆపి కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. రాయి పిల్లా, ఏడ్చేది తర్వాత ఏడుద్దువు.

మా ఆయన ఊళ్లో చాటింపు వేసేవాడు. పంచాయతీవాళ్లు ఏ కబురు చెప్పినా డప్పు మెడకు తగిలించుకుని బజారు బజారుకూ పోయి వినిపించాలి. చాటింపు అంటే డప్పు కొట్టి, అరిచి, ముందుకు పోవడమే అనుకుంటారు. ఆయన పద్ధతి అది కాదు. బజారు మలుపులో కబురు చెప్పేసి, డప్పు చంకలో పెట్టుకుని, బీడీ వెలిగించుకుని అక్కడే నిలబడేవాడు. ఒక్కో తలుపే తెరుచుకునేది. ఒక్కొక్కరే బయటికి వచ్చి ఆయనను తిట్టేవాళ్లు.

ఒకసారి నల్లాలకు మీటర్లు పెడతారని చాటింపు వేశాడు.

"మీటరు వాని నెత్తిమీద పెట్టుకొమ్మను! వారానికొక్కపాలి వచ్చే నీళ్లకు మీటరేందిరా?" అని ఒకామె చేట పట్టుకుని మీదికొచ్చింది.

ఈయన బీడీ పీలుస్తూ తలూపాడు. ఆమె అలిసిపోయాక పక్కింటాయన అందుకున్నాడు. అన్నీ విని, పంచాయతీ ఆఫీసుకు పోయి, "జర ఆలోచించమంటున్రు సార్," అని చెప్పాడు. చేట సంగతి చెప్పలేదు. చెప్పే అవసరం కూడా లేదు. సర్పంచి ఆయన ముఖం చూడకుండా జేబు వైపు చూసేవాడు.

"ఏంరా, బీడీలు మిగిలినయా?"

"కట్టంత అయిపాయె సార్."

"అయితే గీ ముచ్చట ఇప్పుడొద్దు తియ్."

తిట్లు సాగినన్ని బీడీలు కాలేవి కనుక, బీడీలు మిగిలితే ఊరు ఒప్పుకున్నట్టు. అయిపోతే లేదన్నట్టు. పెద్దవాళ్లను ముఖం మీద కాదనడం మా ఊళ్లో మర్యాద కాదు. డప్పు కొట్టేవాణ్ని తిట్టడం మాత్రం తప్పు కాదు. ఆయనను అన్న మాట ఆయనకు తగలదు, అటు పోయి తగలాల్సిన చోట తగులుతుంది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. అందుకే వాళ్లు మనసు విప్పి తిట్టేవాళ్లు, ఈయన మనసు విప్పి తినేవాడు. ఇంటికొచ్చాక మిగిలిన నాలుగూ నేను పెట్టేదాన్ని.

ఆయన గొంతు బాగుండేది. నాది చిన్నప్పుడు జొన్నచేలలో పిట్టలను అరిచి తోలి తోలి పగిలిన గొంతు. రేకు మీద రాయి గీసినట్టు ఉంటుంది. "నీ గొంతుతోని చాటింపేస్తే ఊరు ఖాళీ అయితదే, మల్ల ఒక్కడు గూడ తిరిగిరాడు," అని నవ్వేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

ఇక దారి సంగతి. ఊరి వెనక నుంచి, సాగు లేని పడావు భూముల మీదుగా వాగు ఒడ్డుకు ఒక కాలిబాట ఉంది. ఆ ఒడ్డునే మా చేను. వేరుశనగ వేస్తాను. ఆయనను మట్టిలో పెట్టింది కూడా ఆ చేను గట్టునే. పొద్దున్నే మేకలను తోలుకుని పోతాను, పని చేసుకుంటాను, మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చుని సద్ది తింటూ ఇన్నాళ్ల బాకీ తిట్లు తీర్చుకుంటాను. బతికున్నప్పుడు ఊరందరి మాటా వినే మనిషి నా మాట విన్నది తక్కువ. ఇప్పుడు వింటాడు. ఎక్కడికీ లేచి పోలేడు కదా.

ఆ పడావు భూములను సోలారు కంపెనీవాళ్లు తీసుకున్నారు. చుట్టూ కంచె వేస్తారన్నారు. కంచె పడితే బాట మూసుకుపోతుంది. రోడ్డు మీదుగా చుట్టు తిరిగి పోవాలంటే నా మోకాళ్లు సాగవు. చేను ఎవరికో కౌలుకిచ్చి ఇంట్లో కూర్చోవాలి. కౌలుకు తీసుకున్నవాడు ఆయన పక్కన కూర్చుని సద్ది తినడు కదా.

కంపెనీ తరఫున ఒక అమ్మాయి వచ్చింది. భుజానికి నల్లసంచి, కాళ్లకు తెల్లబూట్లు. పంచాయతీ ముందు షామియానా వేయించి, కుర్చీలు వేయించి, గద్వాల నుంచి వేడివేడి సమోసాలు తెప్పించింది. మైకు పట్టుకుని, "ఎవరికి ఏ అభ్యంతరమున్నా మొహమాటపడకుండా చెప్పండి," అంది. అందరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఒక పెద్దాయన లేచి, "మీరు మంచిగనే చూసుకుంటరు, మాకు తెల్వదా?" అన్నాడు. చప్పట్లు కొట్టాము. చాయ్ తాగాము. ఇంటికి పోతూ మలుపు దాకా ఆ కంపెనీని తిట్టని నోరు లేదు. ఆ తిట్లన్నీ గాలికి పోయాయి. నిలబడి వినడానికి ఆయన లేడు.

మర్నాడు ఆ అమ్మాయి మంచినీళ్లకని వచ్చి మా ఇంటి ముందు గద్దె మీద కూర్చుంది.

"మీటింగు ఎట్లయింది బిడ్డా?"

"చాలా బాగా జరిగిందమ్మా. ఎవరికీ అభ్యంతరం లేదని ఆఫీసుకు చెప్పాను."

"బాట ముచ్చట?"

"ఏ బాట?"

సంచిలోంచి పటం తీసి నా ముందు పరిచింది. వాగు ఉంది, రోడ్డు ఉంది, కరెంటు స్తంభాలు కూడా ఉన్నాయి. మా కాలిబాట లేదు. మనుషులూ మేకలూ తొక్కి వేసిన బాట ఆ పటం గీసినవాళ్లకు కనపడలేదేమో.

"మీటింగులో ఎవరూ చెప్పలేదేంటమ్మా?" అని పరేషాన్ అయింది.

"సమోస తిన్న నోటితోని ఎట్లంటరు?"

"మీరైనా అనొచ్చు కదా?"

"నేను రెండు తిన్న."

పాపం, ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వింది. నాకు అప్పుడే నచ్చింది. అసలు నీ ఉద్యోగం ఏందని అడిగాను. పబ్లిక్ రిలేషన్స్ అట. కంపెనీ మాట ఊరికి చెప్పాలి, ఊరి మాట కంపెనీకి చేర్చాలి. ఈ పనితో మంచో చెడో ఎవరెవరికి తగులుతుందో వాళ్లందరినీ అడగాలి.

"గదే కదా మా ఆయన పని. డప్పేది మరి?"

"డప్పు ఉండదమ్మా."

"తిట్లు?"

"తిట్లెందుకమ్మా?" అంది కళ్లు పెద్దవి చేసి.

ఒక్క మనిషి చెబితే కంపెనీ వినదట, ఊరు చెప్పాలట. కంచె స్తంభాలు పాతేలోపు ఇంకొక మీటింగు పెడతానంది. ఈసారి ఒక ఆటోకు మైకు కట్టి, ఎవరిదో తియ్యటి గొంతు నింపి ఊళ్లో తిప్పింది. ఆటో మలుపుల్లో ఆగలేదు. ఆగినా మైకును ఎవరు తిడతారు? పైగా మీటింగు పెట్టింది పొద్దున పూట. సీడు పత్తి చేలలో ఆడవాళ్లు విత్తనం కట్టడానికి పువ్వుకు పువ్వు అద్దే వేళ అది. ఆ వేళ దాటితే ఆ పువ్వు దక్కదు, మీటింగు కోసం ఎవరూ పువ్వు పోగొట్టుకోరు. ఖాళీ కుర్చీల మధ్య ఆ అమ్మాయీ, సమోసా వాసనకు వచ్చిన రెండు కుక్కలూ మిగిలారు.

సాయంత్రానికి మా గద్దె మీదికే వచ్చింది. తెల్లబూట్లు నల్లరేగడిలో దిగి బూట్లలాగా లేవు.

"రెండు రోజుల్లో స్తంభాలొస్తాయమ్మా. నేనేం చేయాలో నాకు తెలియడం లేదు," అంది.

నాకు మాత్రం ఏం తెలుసు? నా బాట పోతోందని తెలుసు, అంతే. ఊరికే కూర్చోలేక ఆయన సంగతులు చెప్పాను. బీడీల సంగతి, చేట సంగతి. ఆమె గోడకు వేలాడుతున్న డప్పు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"ఏందే, నన్ను గొట్టమంటవా? నేనెప్పుడు సిర్ర పట్టిన?"

"ఒక్కసారి అమ్మా. తిట్లు పడితే ఇద్దరం కలిసి పడదాం."

కలిసి పడదామన్న ఆ మాటకు పడిపోయాను. డప్పు మెడకు వేసుకుని, కుడిచేతిలో లావుపాటి సిర్ర, ఎడమచేతిలో సన్నపుల్ల పట్టుకుని బజారులోకి దిగాను. రోజూ ఎండ తాగిన డప్పు, ముట్టుకుంటేనే మోగింది. మొదట నాలుగు దెబ్బలు తడబడ్డాయి. తర్వాత నాకే ఆశ్చర్యంగా చేతులు సాగాయి. "ఎంత బాగా కొడుతున్నారమ్మా!" అంది అమ్మాయి. పట్నం పిల్ల, దానికేం తెలుసు?

తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. మగవాళ్లు భుజాన తువ్వాళ్లేసుకుని ఉరికి వచ్చారు. ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకుని వచ్చారు. మా వెనకింటామె వస్తూ వస్తూనే, "ఓ నాయినో, మమ్మల నిడిసి పోతివా," అని రాగం అందుకుంది. సగంలో ఆపి, "గింతకు ఎవలే?" అని పక్కామెను అడిగింది. మంచంలో ఉన్న ముసలాయన ఒకడు కర్ర పొడుచుకుంటూ వచ్చి, అందరూ తన ముఖమే చూస్తుంటే, "నన్ననుకున్రేంది? నేను గిట్లనే ఉన్న!" అని కోప్పడ్డాడు.

అప్పుడు తెలిసింది నాకు. నేను కొట్టింది చాటింపు దరువు కాదు. చావు దరువు.

ఆయన వేసే చాటింపును నేను ఎప్పుడూ వంటింట్లోంచి విన్నదే. దగ్గర కూర్చుని విన్నది ఒక్కసారే. ఆయన పోయినప్పుడు అలంపూర్ దిక్కు నుంచి ఆయన జోడీ డప్పులవాళ్లు వచ్చి, మట్టి చేసేదాకా ఆపకుండా కొట్టారు. ఆ దరువు నా చెవుల్లోంచి పోలేదు. పుల్లలు పట్టగానే చేతుల్లోకి దిగింది. కావాలనే కొట్టానని ఊళ్లో ఇప్పటికీ అంటారు. అననీ. అంత తెలివి ఉంటే మొదటి మీటింగులోనే నోరు విప్పేదాన్ని.

వచ్చిన జనాన్ని ఇక పోనివ్వకూడదని, నా పగిలిన గొంతుతోనే అందుకున్నాను.

"ఇనుండ్రి! ఎవ్వరు సావలే! సోలారోళ్లు కంచె ఏస్తుండ్రు. వాగుకాడికి పోయే బాట మూస్కపోతది. మీరేమంటరో అనుండ్రి!"

అని, ఆయనలాగే డప్పు చంకలో పెట్టుకున్నాను. బీడీ లేదు కనుక కొంగుముడిలోంచి ఆకువక్క తీసి నోట్లో వేసుకుని నిలబడ్డాను.

తర్వాత మొదలైంది.

"ఓ వదినా, నీకేమన్న పిచ్చి లేసిందా? సావు డప్పు గొడ్తవా? పొయ్యి మీద నా అన్నం మాడిపాయె!"

"మాడితే మాడనియ్. బాట ముచ్చట చెప్పు," అన్నాను నేను.

"బాటెట్ల మూస్తరు? వాళ్లబ్బ జాగీరా? నా బర్లు రోడ్డు మీదికెల్లి పోయి లారీ కింద పడాల్నా?" అని బర్లు కాసే ఆయన ఎగిరాడు.

"గా దినం మీటింగుల ఎందుకనలే?"

"సమోసలు పెట్టిన పిల్లను పట్టుకొని ఎట్లంటం? నీకు సిగ్గు లేకుంటే మాకు లేదా?"

ఆ సమోసాల పిల్ల నా వెనకే నిలబడి ఉంది. అప్పుడు చూశారు. టక్కున నోళ్లు మూతపడ్డాయి.

"ఆమె దిక్కు సూడకుండ్రి. నన్ను తిట్టుండ్రి, నా దిక్కు సూసి," అన్నాను.

మళ్లీ మొదలైంది. పెబ్బేరు సంతకు ఎడ్లను తోలుకుపోయేదీ ఆ బాటేనన్నాడొకడు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని రోడ్డు ఎక్కితే బస్సులవాళ్లు హారను కొట్టి చంపుతారని ఇద్దరు ఆడవాళ్లు ఒకేసారి అరిచారు. "బాట మూస్తే నీ మొగుని కాడికి ఎట్ల పోతవ్, రెక్కలొచ్చినయా?" అని ఒక మరిది వరసవాడు నన్నే తిట్టాడు. ఆ తిట్టు నాకు బాగానే తగిలింది.

అమ్మాయి సమాధానం చెప్పబోయింది. "కంపెనీ దీన్ని పరిశీలిస్తుంది" అనో ఏదో మొదలుపెట్టింది. చేతి మీద గిల్లాను. మా ఆయన ఒక్కనాడూ బదులు చెప్పలేదు. చెబితే తిట్లు ఆగిపోతాయి. పిల్ల చురుకైనది, గిల్లగానే ఆగింది. అందరూ అలిసిపోయేదాకా ఆగింది. అప్పుడు ఆమె అన్న మాట నాకు వంద జన్మలెత్తినా తట్టేది కాదు.

"అందరూ ఎలాగూ బయలుదేరి వచ్చారు కదా. ఒక్కసారి ఆ బాటలో నడుద్దామా? మనం నడిచినంత మేర నా ఫోనులో గీత పడుతుంది. ఆ గీతను పటం మీద పెట్టి చూపిస్తాను. బాట లేదని అప్పుడెవరంటారో చూద్దాం."

ఊరంతా కదిలింది. ముందు నేను డప్పుతో, పక్కన ఫోను పట్టుకుని ఆ అమ్మాయి, వెనక తువ్వాళ్లు. చూసినవాళ్లు ఎవరైనా శవమేదని వెతుక్కుంటారు. సగం బాట నడిచాక వెనకింటామె అలవాటు కొద్దీ మళ్లీ రాగం తీసింది, నాలుగు తిట్లు తిని ఆపింది. బాట ఎంత వెడల్పుండాలో అని దారి పొడవునా కొట్లాట. ఒక బండి పట్టాలని కొందరు, ఎదురుబొదురుగా రెండు బండ్లు పట్టాలని కొందరు. రెండు బండ్లు ఎదురుపడడం ఆ బాటలో నేనెప్పుడూ చూడలేదు. అడుగుతున్నాం కదా, గట్టిగా అడుగుదామనుకున్నారేమో.

చేను గట్టుకు చేరేసరికి పొద్దు వాగులో దిగుతోంది. ఆయన మీద పెట్టిన రాయి దగ్గర అమ్మాయి బురదబూట్లు విప్పి నిలబడింది. ఇందాకటి కర్ర ముసలాయన అంతదూరం ఎలా నడిచి వచ్చాడో, రాయి మీద చేయి వేసి, "ఏంరా, నీ పెండ్లాం గొంతుకు ఊరు ఖాళీ అయితదంటివి కదరా. సూడు, నిన్ను పెట్టిననాడు గూడ గింతమంది రాలే," అన్నాడు. అందరూ నవ్వారు. నాకు కూడా నవ్వొచ్చింది. ఆయన ఉంటే ఆ నవ్వు ఎలా ఉండేదో నాకు తెలుసు కనుక కొంచెం ఎక్కువే వచ్చింది.

స్తంభాలు ఆ వారం రాలేదు. కొన్నాళ్లకు ఆ అమ్మాయి ఒక ఇంజనీరును వెంటబెట్టుకుని తాడూ మేకులతో వచ్చింది. ఇప్పుడు కంచె రెండు ముక్కలుగా ఉంది. మధ్యన మా బాట. ఒక బండి పడుతుంది. రెండో బండి సంగతి ఊరివాళ్లు ఇప్పటికీ నన్నే తిడతారు.

"మా సారు నన్ను బాగా తిట్టారమ్మా. రెండు కంచెలంటే ఎంత పని పెరిగిందో తెలుసా అని," అంది ఆ అమ్మాయి మా గద్దె మీద చాయ్ తాగుతూ.

"మంచిదే బిడ్డా. ఇటు ఊరు తిట్టె, అటు సారు తిట్టె. ఇప్పుడైంది నీ ఉద్యోగం పక్కా," అన్నాను.

ఇదంతా ఎందుకు రాయిస్తున్నానంటే, కంపెనీవాళ్లు మా ఊరి గురించి ఒక కాగితం అచ్చు వేశారు. మా ఆడబిడ్డ చదివి వినిపించింది. "గ్రామ ప్రజలు ఉత్సాహంగా పాల్గొని విలువైన సూచనలు అందజేశారు," అని ఉందట అందులో. అన్నం మాడినామె, బర్లాయన, అందరూ విలువైన సూచనలే అందజేశారట! మా ఆయన సర్పంచి ముందు "జర ఆలోచించమంటున్రు సార్" అన్నట్టే ఉంది ఆ మాట. అది రాసింది ఆ అమ్మాయే అయి ఉంటుంది. ఆయన దగ్గర పని నేర్చుకోకుండానే ఆయన విద్య వచ్చేసింది పిల్లకు. కానీ అందులో డప్పు లేదు, ఏడుపు లేదు, సమోసా అసలే లేదు. అందుకని నా మాటగా ఒకటి ఉండాలనుకున్నాను.

బాట ఉంది. ఈ పొద్దున కూడా పోయి వచ్చాను. డప్పు ఎండలో పెట్టి వచ్చానని ఆయనకు చెప్పాను. మా ఇద్దరిలో చివరి మాట ఆయనది కానిచ్చేది లేదు.

ఇక చాలు, కలం కింద పెట్టు పిల్లా. ఇప్పుడు మొదటి నుంచి చదువు. మీ అన్న డప్పు ఎండలో పెట్టమన్నప్పుడు నేనేమన్నానో అది ఉన్నది ఉన్నట్టు రాశావా, లేక అన్న మీది ప్రేమకొద్దీ "సరేనండీ" అని మార్చావా, వినాలి. నీ ముఖం చూస్తే నాకు అనుమానంగానే ఉంది. గట్టిగా చదువు.